ఇండియా ఫుట్‌బాల్ టీమ్‌కి నా పదకొండు మంది

ఇండియాకు నువ్వే కోచ్ అయితే ఎవర్ని ఏ ఫార్మేషన్‌ల దింపుతవ్ అని అడిగిన్రు కదా, అందరూ ఇన్నేండ్లు మనకు గోల్స్ కొట్టిన ఛెత్రి తర్వాత గోల్ ఎవడు కొడ్తడు అనే కాడి నుంచే షురూ చేస్తున్రు, నేనైతే నడిమిట్ల ఇద్దర్ని తీస్కున్నంకనే మిగితాది చూస్త.

మాది నల్లగొండ, ఎన్‌జీ కాలేజ్ గ్రౌండ్‌ల పొద్దుగాల ఆడెటోళ్లం. అందరికి ఫార్వర్డే కావాలె, నడిమిట్ల ఉండుమంటే ఎవడూ ఉండడు, ఎన్కనున్నోడు బాల్ లేపి గుద్దుతడు, అది ఆ గట్టి నేల మీద ఎగిరెగిరి సీదా అవతలి కీపర్ చేతులల్లకు పోతది. డిఫెన్సివ్ మిడ్, అంటే డిఫెన్స్ ముందట నిలబడి కాసెటోని జాగ, నా నెత్తిన పడ్డది, అందుకే ఆ పొజిషనంటే నాకు జర పక్షపాతం.

2024 నవంబర్‌ల గచ్చిబౌలికి మలేషియా మ్యాచ్ చూడనీకె పోయినం, 1-1 అయింది. టీవీల బాల్ చుట్టే చూపిస్తరు, పైన కూసుంటే మనోళ్ల డిఫెన్స్‌కూ ముందటోళ్లకూ నడుమ ఎంత జాగ ఖాళీ ఉంటదో కండ్లకు కొట్టినట్టు కనబడ్తది.

గందుకే 4-2-3-1, అంటే ఎన్క నలుగురు, వాళ్ల ముందట ఇద్దరు, ఆపైన ముగ్గురు, అందరికంటె ముందట ఒక స్ట్రైకర్. నడిమిట్ల ఆ ఇద్దరు అపుయా, జీక్సన్ సింగ్. 2017 అండర్-17 వరల్డ్ కప్‌ల కొలంబియా మీద హెడర్ కొట్టిన పిలగాడే జీక్సన్, పొడుగుంటడు, గాల్లకొచ్చిన బాల్ ఆయన చూస్కుంటడు, కింద పాసులు ఇచ్చుడు అపుయా పని. ఒకడు ముందుకు పోతే ఇంకొకడు కదలొద్దు, గంతే. ఎన్క కీపర్ గుర్‌ప్రీత్, డిఫెన్స్‌ల భేకే, ఝింగన్, అన్వర్ అలీ, సుభాశిష్, దీంట్ల పెద్ద లొల్లి లేదు. కుడి దిక్కు ఛాంగ్తే, ఎడమ దిక్కు లిస్టన్.

స్ట్రైకర్ కాడనే అసలు తిప్పలు. మన దేశం లీగ్ ఐఎస్ఎల్‌ల క్లబ్బులు ఆ జాగ ఎక్కువగ ఫారినోళ్లకే ఇస్తయి, మనోళ్లు వింగ్‌లకు పోతరు. మన్వీర్‌ను వింగ్ నుంచి తెచ్చి మధ్యల పెడ్త నేను. నవ్వకున్రి, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్‌ల అప్పటి కోచ్ మన హైదరాబాద్ రహీం సాబ్, జర్నైల్ సింగ్ అసలు డిఫెండర్, తలకు కుట్లు కూడా ఉన్నయి, ఆయన్ను ఫార్వర్డ్‌గ దింపిండు, ఆయన గోల్ కొట్టిండు, కొరియా మీద 2-1 గెలిచినం.

ఇగ పదో నంబర్‌ల, అంటే స్ట్రైకర్ ఎన్కనే ఉండి గోల్ ఛాన్సులు చేసెటోని జాగల, బ్రాండన్‌ను పెడ్త, సహల్ ఎందుకు లేడని అడుగుతరు. డ్రిబ్లింగ్ మస్తుంటది, కాదనను, కానీ మనకు ఓపెన్ ప్లేల, అంటే ఆట నడుస్తుండంగ, గోల్స్ కష్టమైతున్నయి, కార్నర్‌లు మంచిగ ఏసెటోడు కావాలె. ఆ గచ్చిబౌలి మ్యాచ్‌ల భేకే హెడర్ కూడా బ్రాండన్ కార్నర్‌కే పడ్డది. బ్రాండన్ 70 నిమిషాలు, తర్వాత సహల్.