తల సైజుతో భాగిస్తే సరిపోతుందా? నా థీసిస్‌లో ఏం జరిగిందంటే

డిమెన్షియా (మతిమరుపు జబ్బు) పేషెంట్ల హిప్పోకాంపస్‌ను, అంటే మెదడులో జ్ఞాపకశక్తికి ముఖ్యమైన భాగాన్ని, ఆరోగ్యవంతులతో పోలుస్తున్నానని, తల సైజు తేడాను సరిచేయడానికి దాని సైజును పుర్రె లోపలి ఘనపరిమాణంతో, అంటే ఐసీవీతో భాగిస్తే సరిపోతుందా అని ఒకరు అడిగారు. దయచేసి భాగించకండి. తిరుపతిలో థీసిస్ చేసేటప్పుడు నేను అదే చేశాను, ఆరు నెలలు పోయాయి.

మాది చిత్తూరు దగ్గర పల్లె, మామిడి తోట ఉంది. తోతాపురి కాయ రెండింతలు బరువు తూగినా లోపల టెంక రెండింతలు ఉండదు. టెంక బరువును కాయ బరువుతో భాగించి చూస్తే, పెద్ద కాయలన్నిటికీ టెంక చిన్నదనే లెక్క వస్తుంది. హిప్పోకాంపస్ కూడా తలతో పాటు పెరుగుతుంది గానీ అదే నిష్పత్తిలో కాదు.

ఉదాహరణకు 1300 మి.లీ. ఐసీవీకి హిప్పోకాంపస్ 3.5 మి.లీ., 1500కి 3.8 అనుకోండి. భాగిస్తే 0.269 శాతం, 0.253 శాతం. ఇద్దరూ ఆరోగ్యవంతులే, అయినా పెద్ద తల మనిషికి కుంచించుకుపోయినట్టు కనిపిస్తుంది! మేము పేషెంట్ల వెంట వచ్చినవాళ్ళనే కంట్రోల్స్‌గా, అంటే పోల్చి చూసే ఆరోగ్యవంతుల గ్రూపుగా తీసుకున్నాం. వాళ్ళలో మగవాళ్ళు ఎక్కువ, పేషెంట్లలో ఆడవాళ్ళు ఎక్కువ. మగవాళ్ళ ఐసీవీ సగటున పెద్దది కాబట్టి, జబ్బు వల్ల వచ్చిన తేడా సగం ఆ భాగహారంలోనే మాయమైంది.

తర్వాత కంట్రోల్స్‌లో మాత్రమే రిగ్రెషన్ వేసి, అంటే ఐసీవీ, హిప్పోకాంపస్ అంకెలకు సరిపోయే గీత గీసి, దాని వాలు (ఐసీవీ పెరిగితే హిప్పోకాంపస్ ఎంత పెరుగుతుందో) తీసుకున్నాం. పై ఉదాహరణలో 100 మి.లీ. ఐసీవీకి 0.15 మి.లీ. వాలు. ఇద్దరి ఐసీవీ 1400 అయితే ఎంత ఉండేదో ఆ వాలుతో సర్దితే ఇద్దరికీ 3.65 వస్తుంది. పేషెంట్లను కలిపి వాలు తీస్తే జబ్బు ప్రభావం అందులో కలిసిపోతుంది. వయసు, ఆడ మగ తేడా మోడల్‌లో విడిగా పెట్టండి.

మొత్తం మెదడు సైజుతో సరిచేయొద్దు, జబ్బుతో అదీ తగ్గుతుంది. పెద్దయ్యాక పుర్రె తగ్గదు, అందుకే ఐసీవీ. కార్టెక్స్ (మెదడు పైపొర) మందానికి తల సైజుతో సంబంధం చాలా తక్కువ, దాన్ని మామూలుగా సరిచేయరు. చిన్నప్పుడే తల ఎదుగుదలను దెబ్బతీసే జబ్బయితే మాత్రం జాగ్రత్త, అక్కడ ఐసీవీ తేడా కూడా జబ్బులో భాగమే.

ఫ్రీసర్ఫర్ (మెదడు స్కాన్లను కొలిచే సాఫ్ట్‌వేర్) ఇచ్చే ఐసీవీ నేరుగా కొలిచింది కాదు. తలను ప్రామాణిక అట్లాస్‌కు, అంటే నమూనా మెదడు పటానికి సరిపెట్టడానికి ఎంత సాగదీయాల్సి వచ్చిందో, దాన్నుంచి వేసిన అంచనా. ఆ అమరిక తప్పితే అంకె తప్పుతుంది. మా దగ్గర ఒక పెద్దాయన స్కాన్‌లో అలాగే జరిగింది, బొమ్మ తెరిచి చూస్తే గానీ తెలియలేదు. రెండు గ్రూపుల ఐసీవీలనూ ముందు పక్కపక్కన ప్లాట్ వేసి చూడండి.