కొలరాడో ఖజానాను గంజాయి నింపిందా?

ప్రశ్న: అమెరికాలోని కొలరాడోలో గంజాయి అమ్మకాన్ని చట్టబద్ధం చేశాక ప్రభుత్వానికి కాసుల వర్షం కురిసిందని మా అబ్బాయి అంటున్నాడు. అందులో నిజమెంత?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: మీ అబ్బాయి చెప్పింది అబద్ధం కాదు గానీ, అది సగం కథే. 2012 నవంబరులో ఓటర్లు ఆమోదించిన ఆ రాష్ట్ర సొంత రాజ్యాంగ సవరణ మేరకు అక్కడ 2014 జనవరి 1న దుకాణాలు తెరుచుకున్నాయి. టోకు సరుకుపై 15 శాతం ఎక్సైజ్ సుంకంతో పాటు, చిల్లర అమ్మకంపై మొదట 10 శాతంగా ఉండి 2017 జులైలో 15 శాతానికి పెరిగిన ప్రత్యేక పన్ను కూడా విధించారు. సుంకం రాబడిలో కొంత బడి భవనాల నిర్మాణానికి వెళ్తుంది. అమ్మకాలు 2021లో 220 కోట్ల డాలర్లు దాటాయి. అసలు సంగతి ఆ తరువాతే మొదలైంది: కరోనా నాటి గిరాకీ తగ్గింది, పొరుగునున్న న్యూ మెక్సికో 2022లో తన దుకాణాలు తెరిచింది, సాగు పెరిగి ధరలు పడిపోయాయి, సుంకాన్ని ధరను బట్టి లెక్కిస్తారు కనుక ఖజానా రాబడీ దానితోపాటే జారింది (ఈ గతి మన మిర్చి రైతుకు వేరే చెప్పనక్కర లేదు). పైగా ఫెడరల్ (అమెరికా కేంద్ర ప్రభుత్వ) చట్టం దృష్టిలో అది నిషిద్ధ వస్తువే అయినందువల్ల పెద్ద బ్యాంకులు ఖాతాలు తెరవడానికి వెనుకాడాయి. అదే కారణంగా అద్దె, జీతాల వంటి మామూలు ఖర్చులను సైతం కేంద్ర ఆదాయపు పన్ను లెక్కలో మినహాయించుకునే వీలు వ్యాపారులకు లేకపోయింది.