విండోస్ ఫామ్‌లో రెండు భాగాల మధ్య అడ్డగీత గీయడం ఎలా?

తిరుపతిలో ఒక లాడ్జికి బిల్లింగ్ ఫామ్ చేస్తున్నానని, పైన యాత్రికుల వివరాలు, కింద గది బాడుగ, రెంటి మధ్య గీత కావాలని ఒకరు అడిగారు. టూల్‌బాక్స్‌లో గీత కంట్రోల్ వెతక్కండి, డాట్ నెట్ విన్‌ఫామ్స్‌లో (విండోస్ ప్రోగ్రాములకు తెరలు తయారుచేసే మైక్రోసాఫ్ట్ పద్ధతి) అది లేదు.

అందరూ చేసేది లేబుల్‌తోనే. ఒక లేబుల్ (ఫామ్ మీద రాత చూపించే కంట్రోల్) పెట్టి టెక్స్ట్ తీసేయండి. ఆటోసైజ్‌ను ఫాల్స్ చేయండి (ఇది మరిచిపోతే ఎత్తు మార్చనివ్వదు, నేనూ అరగంట తల గోక్కున్నాను). ఎత్తు 2 పిక్సెళ్లు, బోర్డర్‌స్టైల్ ఫిక్స్‌డ్ 3డి. అంతే. పైన ముదురు గీత, దాన్ని ఆనుకునే కింద లేత గీత పడి, చెక్కినట్టు కనిపిస్తుంది. ఎత్తు 2 దాటితే గీత పోయి సన్నటి పెట్టె అవుతుంది. యాంకర్‌లో (కంట్రోల్‌ను ఫామ్ అంచులకు కట్టే సెట్టింగ్) లెఫ్ట్, రైట్ రెండూ ఇస్తే విండోతో పాటు సాగుతుంది.

రంగు గీత కావాలంటే ఫామ్‌ను మళ్లీ గీసే ప్రతిసారీ నడిచే పెయింట్ ఈవెంట్‌లో, గీత గీసే డ్రాలైన్ రాయండి. బటన్ క్లిక్‌లో క్రియేట్‌గ్రాఫిక్స్‌తో గీస్తే మాత్రం, మినిమైజ్ చేసి మళ్లీ తెరిచేసరికి వాకిట్లో ముగ్గు మీద వాన పడినట్టే. డబ్ల్యూపీఎఫ్ (విన్‌ఫామ్స్ తర్వాత మైక్రోసాఫ్ట్ తెచ్చిన పద్ధతి) అయితే ఈ తిప్పలేం లేవు, సెపరేటర్ అని విడిగానే ఉంది.