బొగ్గుపై వేసిన సెస్సు, జనం అనుమానం

నెల్లూరు జిల్లా నేలటూరు థర్మల్ విద్యుత్ కేంద్రం పొగను రోజూ చూసే ముత్తుకూరు ప్రాంత ప్రజలు, వాతావరణ మార్పు పేరు చెప్పి ప్రభుత్వాలు తమ వద్ద డబ్బు గుంజుతున్నాయని అనుమానించడం సబబేనా అన్నది మీ ప్రశ్న.

డబ్బు విషయంలో చాలావరకు సబబే. 2010లో కేంద్రం టన్ను బొగ్గుపై 50 రూపాయల స్వచ్ఛ ఇంధన సెస్సు (ఒక ప్రత్యేక అవసరం పేరిట వేసే అదనపు పన్ను) విధించి, 2016 నాటికి దానిని 400కు పెంచింది. ఒక యూనిట్ విద్యుత్తుకు సుమారు 600 నుంచి 700 గ్రాముల బొగ్గు కాలుతుంది కనుక, ఆ భారం యూనిట్‌కు పాతిక పైసలకు అటూ ఇటూగా తేలేది. అది పంపిణీ సంస్థల విద్యుత్ కొనుగోలు ఖర్చులో కలిసిపోవడంతో బిల్లులో విడిగా కనిపించేది కాదు. స్వచ్ఛ ఇంధనానికని వసూలు చేసిన ఆ సొమ్ములో పెద్ద భాగం అందుకు ఖర్చు కాలేదు. 2017లో జీఎస్టీ వచ్చాక అదే 400 రూపాయలను రాష్ట్రాల ఆదాయ నష్టం పూడ్చడానికి మళ్లించారు. ఇంత జరిగాక జనం నమ్మకపోతే దానిని అజ్ఞానమనడం అన్యాయం. (2025 సెప్టెంబరులో ఆ సెస్సును తీసివేసి, బొగ్గుపై జీఎస్టీని 5 నుంచి 18 శాతానికి పెంచారు.)

బొగ్గుకు బదులు వాడే సౌర విద్యుత్తు ఖరీదైనదన్న వాదన మాత్రం పాతబడింది: 2010లో కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి యూనిట్‌కు 17.91 రూపాయలు నిర్ణయించగా, 2017లో రాజస్థాన్‌లోని భడ్లా వేలంలో ధర 2.44కు దిగింది. రాత్రి సరఫరాకు కావలసిన బ్యాటరీల ఖర్చు దీనికి అదనం.

ఇక, సెస్సు సొమ్ము దారి తప్పినంత మాత్రాన బొగ్గు పొగలోని కార్బన్ డయాక్సైడ్ వేడిని పట్టి ఉంచడం మానదు. ప్రభుత్వాల ఉద్దేశాలను ప్రశ్నించదలచినవారు రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ఛార్జీల ఖరారుకు ముందు జరిపే బహిరంగ విచారణలో డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) కొనుగోలు ధరలపై అభ్యంతరాలు దాఖలు చేయవచ్చు.