యుద్ధ సమయంలో వార్డు నోటీసు బోర్డు: మనవడికి ఒక లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నాయనా, జమ్మలమడుగులో మన వార్డు నోటీసు బోర్డునూ, వాట్సాప్ గ్రూపునూ చూసే బాధ్యత నీకు అప్పగించారని, యుద్ధ పరిస్థితి మళ్ళీ వస్తే ఏం రాయాలో, ఏం రాయకూడదో చెప్పమని అడిగావు. ప్రకటనలు రాసి అంటించే పనిలోనే నా ఉద్యోగ జీవితమంతా గడిచింది గనుక తెలిసినంత చెబుతాను.

ప్రతి ప్రకటనలోనూ తేదీ, సమయం, జారీ చేసిన అధికారి హోదా, అది ఎప్పటివరకు వర్తిస్తుందో తప్పక ఉండాలి. 1971 యుద్ధం డిసెంబరు 3న మొదలై 16న ముగిసింది. 2025లో మే 7 తెల్లవారుజామున దాడులు మొదలైతే, 10వ తేదీ సాయంత్రం 5 గంటల నుంచి కాల్పులు ఆపాలని భారత్, పాకిస్తాన్ రెండూ అంగీకరించాయి. పరిస్థితి అంత త్వరగా మారేటప్పుడు, తేదీ లేని కాగితం రెండు రోజులు గోడమీద ఉంటే చాలు, అదే వదంతిగా మారుతుంది. కాబట్టి గడువు తీరిన కాగితాన్ని నీ చేతులతో నువ్వే చింపెయ్యి. గ్రూపులో పాత సందేశం తీసేసి, అది రద్దయిందని విడిగా రాయి.

సైరన్ అభ్యాసం ఉంటే ముందురోజే చెప్పాలి. హెచ్చుతగ్గులుగా మోగితే ప్రమాద హెచ్చరిక అనీ, ఒకే స్థాయిలో మోగితే ప్రమాదం తొలగినట్లనీ పెద్ద అక్షరాలతో తెలుగులోనూ ఉర్దూలోనూ రాయించు. చదవలేని పెద్దల కోసం గుడిలో, మసీదులో, చర్చిలో మైకుద్వారా చెప్పించు. ముగ్గురూ ఒకే మాట చెప్పడం ఆ సమయంలో చాలా అవసరం, ఎందుకంటే భయం ముదిరినప్పుడు పక్కింటివాళ్ళ మీద అనుమానం పుట్టించేవారు ఎక్కడైనా ఉంటారు. అటువంటి రాతను బోర్డు దగ్గరికైనా రానివ్వకు.

సరుకుల విషయంలో ఊహతో ఏదీ రాయవద్దు. 2025 మే 9న ఇంధన నిల్వలు పుష్కలంగా ఉన్నాయని ఇండియన్ ఆయిల్ సంస్థే ప్రకటించవలసి వచ్చింది. నువ్వు బంకుకూ రేషన్ దుకాణానికీ వెళ్ళి అడిగి, ఎవరు చెప్పారో కూడా రాయి.

అన్నిటికంటే జాగ్రత్త అవసరమైనది సైన్యంలో ఉన్న మన పిల్లల విషయం. కొడుకు ఏ సరిహద్దులో ఉన్నాడో, ఏ రైలు ఎక్కాడో ఆ తల్లి గర్వంతో గ్రూపులో పెడుతుంది. ఆమెను నలుగురిలో మందలించకు. ఇంటికి వెళ్ళి, బలగాల కదలికలు ప్రసారం చేయవద్దని ప్రభుత్వం టీవీలకు కూడా చెప్పిందని నెమ్మదిగా వివరించి, తీసేయమని అడుగు. దుర్వార్త ఏదైనా వినిపిస్తే, సైన్యం నుంచి కుటుంబానికి అధికారికంగా తెలిసేవరకు ఒక్క అక్షరమూ రాయకూడదు. ఆ తరువాతైనా వాళ్ళు సరేనంటేనే రాయాలి. ఆ ఇళ్ళలో ముసలి తల్లిదండ్రులకు మందులు తెచ్చేవారెవరో, కడపలోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి తోడు వెళ్ళేవారెవరో ముందే మాట్లాడి పెట్టుకో, కానీ ఆ ఇళ్ళ జాబితాను బోర్డుమీద మాత్రం అంటించకు.

రక్తదానానికి పిలిచేటప్పుడు వార్డంతటినీ ఒకేరోజు పంపవద్దు. సేకరించిన ఎర్రకణాలు ఐదారు వారాలకు మించి నిలవ ఉండవు, ఇచ్చిన మగవారు మళ్ళీ మూడు నెలలు, ఆడవారు నాలుగు నెలలు ఆగాలి. ఆసుపత్రి వారిని అడిగి, ఏ వారం ఎవరు వెళ్ళాలో వంతులు వేసి, ఎవరి వంతు ఎప్పుడో వారికి ఫోనులో చెప్పు.

ఆశీస్సులతో,
మీ తాత