వారానికి రెండు రోజులు చేతులు కట్టుకుని నిలబడు

ప్రశ్న: అక్కా, మాది వరంగల్ కొత్తవాడ. ఇంటర్ బైపీసీ పాసయ్యాను. ఆక్యుపేషనల్ థెరపీ (జబ్బుతోనో దెబ్బతోనో ఇబ్బంది పడేవాళ్లు రోజువారీ పనులు మళ్లీ తామే చేసుకునేలా సాయపడే వైద్యం) చదవాలని ఎంట్రన్స్ రాస్తే సీటు వచ్చేంత ర్యాంకు రాలేదు. మళ్లీ ఏడాది ఆగాలి. బాపు శత్రంజీలు నేస్తడు, అమ్మ కండెలు చుడతది. ‘ఏడాది ఉత్తగ కూసుంటవా, ఏదన్న డిగ్రీల చేరు’ అంటున్నరు. చదువుకోవడం కాక ఈ ఏడాదిలో ఇంకేం చేస్తే పనికొస్తది?
– ఓ పాఠకురాలు

జవాబు: చెల్లే, ముందు బాపుకు ఈ సంగతి చెప్పు. నువ్వు చదవాలనుకుంటున్న చదువుకూ మగ్గానికీ పాత చుట్టరికం ఉంది. 1917లో అమెరికాలో ఈ వృత్తికి ఒక సంఘం ఏర్పడింది. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికులకు ఆ రోజుల్లో వైద్యంగా చేయించిన పనుల్లో నేత ఒకటి, బుట్టల అల్లిక ఒకటి. మన దేశానికి ఈ చదువు తెచ్చినావిడ కమలా నింబ్కర్. 1950లో ముంబయి కెఇఎం ఆసుపత్రిలో స్కూలు మొదలుపెట్టారు. పడుగు పోగు తెగినప్పుడు బాపు బొటనవేలూ చూపుడువేలూ కలిపి ముడి వేస్తాడు చూడు, ఆ పట్టు గురించి కాలేజీలో నీకు గంటలకొద్దీ చెప్తారు. ఇప్పుడే దగ్గర కూర్చుని చూడు.

నాకూ ఇంటర్ తర్వాత ఒక ఏడాది ఇట్లాగే ఆగింది. హన్మకొండలో ఓ చిన్న క్లినిక్‌కు సాయానికి పోయేదాన్ని. పక్షవాతం వచ్చిన ఓ పెద్దాయన గళ్ల అంగీ తొడుక్కోవడానికి తిప్పలు పడుతున్నాడు. ఎడమ చెయ్యి పడిపోయింది. అంగీ ఒళ్లో పరుచుకుని, ఆ చేతిని కుడిచేత్తో ఎత్తి పట్టుకుని స్లీవ్‌లోకి తోస్తున్నాడు. మోచేయి దగ్గర బట్ట ఉండచుట్టుకుపోయింది. ఐదు నిమిషాలు చూశాను, పాణం ఆగలేదు. గబగబా పోయి తొడిగేసి, గుండీలు కూడా పెట్టేశాను. ఆయన దండం పెట్టాడు. నేను పొంగిపోయాను.

ఆయన వెళ్లాక అక్కడి థెరపిస్టు మేడమ్ పిలిచి, ‘ఇయ్యాల ఆయన చేసుకోవాల్సిన పని నువ్వు చేసినవ్. రేపటి నుంచి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడు’ అన్నది. ఏడుపొచ్చింది. కానీ అట్లా నిలబడ్డ వారంలోనే అర్థమైంది: తొడిగేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు పోవాలి, విప్పేటప్పుడు అది చివర రావాలి. తర్వాత కాలేజీలో ఆ పాఠం వచ్చిన రోజు నాకు పుస్తకం కంటే ఆ గళ్ల అంగీయే కనబడింది.

నువ్వూ అదే చెయ్యి. వారానికి రెండు రోజులు చాలు. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు భవిత కేంద్రాలున్నాయి. అక్కడి టీచరమ్మను అడుగు, పిల్లల తల్లుల ఒప్పుదలతోనే కూర్చో. ఫొటోలు తీయకు, పేర్లు రాయకు. నోట్‌బుక్‌లో పని మాత్రం రాసుకో: చెప్పు పట్టీ వేసుకోవడంలో ఎన్ని దశలున్నాయి, పిల్లాడు ఏ దశ దగ్గర ఆగాడు, ఎవరు తొందరపడి చేసిపెట్టారు. (చాలాసార్లు నాయనమ్మే!)

ఇంట్లోనూ చూడొచ్చు. ఇంగ్లిషు పుస్తకాల్లో అన్నీ స్పూనూ ఫోర్కూ. మన ముసలవ్వ అడిగేది, ‘బిడ్డా, మళ్ల నా చేత్తో బువ్వ తింటనా?’ అని. పప్పు కలిపి, ముద్ద చేసి, నోటిదాకా తీసుకుపోవడంలో మణికట్టు ఎన్నిసార్లు తిరుగుతుందో ఒకసారి లెక్కపెట్టు. చీర కుచ్చిళ్లు, చెంబుతో స్నానం, కింద పీట మీద కూర్చుని లేవడం, ఇవన్నీ మన పనులు. ‘అంటే ఫిజియోథెరపీయే కదా’ అని చుట్టాలు అడిగితే ఈ బువ్వ ముద్ద సంగతే చెప్పు. ఫిజియో వాళ్లు కదలిక, బలం మీద ఎక్కువ దృష్టి పెడతారు. మనం ఆ చెయ్యి మళ్లీ ముద్ద కలిపేదాకా ఆ పని వెంటే ఉంటాం.

ఎంట్రన్స్ చదువు పొద్దున పూట పెట్టుకో, అది వదలకు. కటక్ దగ్గర ఓలట్‌పూర్, కోల్‌కతా, ఢిల్లీల్లోని కేంద్ర సంస్థల్లో ఈ కోర్సు ఉంది. 2021లో వచ్చిన కేంద్ర చట్టం తర్వాత ఈ కోర్సుల నిబంధనలు మారుతున్నాయి కనుక నిరుటి ప్రాస్పెక్టస్ నమ్ముకోకు, కొత్త నోటిఫికేషన్ పూర్తిగా చదువు. హిందీ మాట్లాడడం అలవాటు చేసుకో, మీ వాడలో ఉర్దూ మాట్లాడే ఇళ్లుంటే అక్కడే మొదలుపెట్టు. బయటి రాష్ట్రంలో పేషెంటు బాధ చెప్తుంటే పక్కవాళ్ల మొహం చూడాల్సి రావడం చాలా కష్టం, నేను పడ్డాను.

డిగ్రీలో పేరుకు చేరి వదిలేయడం నాకైతే నచ్చదు. ఫీజూ పోతుంది, టీసీ కోసం తిరగడం వేరే. అడ్మిషన్‌కు గ్యాప్ అఫిడవిట్ (మధ్యలో ఏడాది చదువు ఆగిందని రాసిచ్చే ప్రమాణపత్రం) అడిగితే నోటరీ దగ్గర రాయించుకోవచ్చు, దానికి భయపడకు. భవిత కేంద్రం టీచరమ్మ దగ్గరికి మాత్రం ఈ సోమవారమే పో. అమ్మను వెంట తీసుకుపో, ఆమెకూ తెలుస్తుంది నువ్వేం చదవబోతున్నావో.