సీరియల్ లైన్‌పై మోటారు నడపబోతున్న శిరీషకు

చి. శిరీషకు,

మిల్లులో కన్వేయర్ మోటారును ల్యాప్‌టాప్ నుంచి పైథాన్‌తో నడపాలనుకుంటున్నానని రాశావు. మంచిదే. మీ దగ్గరున్నది డెల్టా వీఎఫ్‌డీ-ఈఎల్ డ్రైవ్ (మోటారు వేగాన్ని మార్చే పెట్టె) అన్నావు కాబట్టి కింద రాసే నంబర్లన్నీ దానివే. ల్యాప్‌టాప్ దానితో సీరియల్ లైన్ మీద మోడ్‌బస్ అనే ప్రోటోకాల్‌లో మాట్లాడుతుంది. వేరే డ్రైవ్‌కు రిజిస్టర్లు (లైన్ మీద చదివే, రాసే నంబరు గళ్ళు) వేరుగా ఉంటాయి, ఈ కాగితం పట్టుకుని దాని జోలికి వెళ్ళకు.

మోటారు స్టార్ట్ చేయడం గురించి బోలెడు అడిగావు గానీ, ఆగడం గురించి ఒక్క ముక్క అడగలేదు. అందుకే అక్కణ్ణించే మొదలుపెడతాను. బెల్టు 40 హెర్ట్జ్‌లో తిరుగుతోంది. ఎవరి కాలో తగిలి యూఎస్‌బీ ఊడింది. లేదా విండోస్ అప్‌డేట్ అంటూ ల్యాప్‌టాప్ దానంతటదే రీస్టార్ట్ అయింది. మోటారు ఆగుతుందనుకుంటున్నావా? ఆగదు. ఈ డ్రైవ్ కంపెనీ నుంచి వచ్చినప్పుడు 09.03 పరామీటర్ (డ్రైవ్‌లోని సెట్టింగ్) సున్నాగా ఉంటుంది. అంటే మెసేజ్‌లు రావడం మానేసినా అది పట్టించుకోదు. 09.02 విలువ 3గా ఉంటుంది. కమ్యూనికేషన్ తప్పు దొరికినా, హెచ్చరిక కూడా చూపకుండా నడుస్తూనే ఉండమని దాని అర్థం. చివరిగా నువ్వు ఇచ్చిన స్పీడ్‌లో అది అలా తిరుగుతూనే ఉంటుంది.

కాబట్టి ముందు 09.03ని 2 సెకన్లకు, 09.02ని 1కి మార్చు. అప్పుడు లైన్ పోతే హెచ్చరిక చూపించి, డిసెలరేషన్ టైమ్ ప్రకారం నెమ్మదిగా ఆగుతుంది. 09.02లో 2 పెడితే మోటారును దాని మానాన తిరిగి ఆగేలా వదిలేస్తుంది. కన్వేయర్‌కు 1 సరిపోతుంది. దీనికి తగ్గట్టు నీ ప్రోగ్రాం అర సెకనుకోసారి ఏదో ఒకటి చదువుతూ ఉండాలి, లేకపోతే పని మధ్యలో ఆగిపోయి మిల్లు వాళ్ళు నిన్ను తిడతారు. లైన్ తిరిగి వచ్చాక ప్రోగ్రాం కళ్ళు మూసుకుని రన్ కమాండ్ పంపకూడదు. ముందు స్థితి చదవాలి, మనిషి ఓకే నొక్కాక నడపాలి.

ఇంత చేసినా ఎమర్జెన్సీ బటన్‌ను మాత్రం సాఫ్ట్‌వేర్‌లో పెట్టకు. అది విడిగా వైరింగ్‌తో రావాలి. ఆ పని మీ ఎలక్ట్రీషియన్‌తో చేయించు. 02.01లో 3 పెడితే రన్, స్టాప్ సీరియల్ నుంచి వస్తాయి, కీప్యాడ్ మీది స్టాప్ కూడా పని చేస్తుంది. 4 పెడితే కీప్యాడ్ స్టాప్ చచ్చిపోతుంది. 4 వద్దు. ఫ్రీక్వెన్సీ కూడా లైన్ మీదే రావాలంటే 02.00ని 3 చెయ్యి.

ఇక వైర్లు. డ్రైవ్ మీది జాక్ చూడటానికి లాన్ జాక్‌లాగే ఉంటుంది, కానీ అది ఆర్ఎస్-485 అనే సీరియల్ లైన్‌ది. ల్యాప్‌టాప్ లాన్ పోర్టుకు కలపకు. ఏ పిన్ ఏమిటో మాన్యువల్‌లో చూసుకో. ఐసొలేషన్ (రెండు వైపులా కరెంటు కలవకుండా విడదీసే ఏర్పాటు) ఉన్న యూఎస్‌బీ కన్వర్టర్ కొను. చవక రకం వేసుకుంటే ప్యానెల్‌లో ఏదైనా తేడా వచ్చినప్పుడు పోయేది ల్యాప్‌టాప్. కేబుల్ మెలితిప్పిన జతతో, షీల్డ్ ఉన్నదై ఉండాలి. షీల్డ్‌ను ఒక వైపే ఎర్త్ చెయ్యి. డ్రైవ్ వోల్టేజీని సెకనుకు వేలసార్లు కోస్తుంది, ఆ రొదంతా మోటారు కేబుల్ వెంట పోతుంది. నీ సన్న వైరును దాని పక్కన ఒకే ట్రేలో వేశావంటే మోటారు ఆగి ఉన్నంతసేపు అంతా బాగుంటుంది, తిరగడం మొదలవగానే జవాబులు రావు. దాటక తప్పకపోతే అడ్డంగా, తొంభై డిగ్రీల్లో దాటించు. లైన్ పొడవైతే రెండు చివర్లా 120 ఓమ్స్ రెసిస్టర్ వెయ్యి. ఎ, బి వైర్లు తారుమారైనా ఏమీ కాలిపోదు, జవాబు రాదంతే. మార్చి చూడు. ప్యానెల్ తెరిచే ముందు మెయిన్స్ తీసి, కనీసం పది నిమిషాలు ఆగి, మీటర్‌తో కొలిచాకే చెయ్యి పెట్టు. కెపాసిటర్లలో చార్జ్ నిలిచి ఉంటుంది.

సెట్టింగుల్లో చిన్న మెలిక ఉంది. మోడ్‌బస్ మెసేజ్‌లను అక్షరాలుగా పంపితే ఆస్కీ, నేరుగా బైట్లుగా పంపితే ఆర్టీయూ. డ్రైవ్ మొదట ఆస్కీ పద్ధతిలో ఉంటుంది. నీ పైథాన్ లైబ్రరీ మామూలుగా మాట్లాడేది ఆర్టీయూ. 09.04ని 6 చేస్తే 8 బిట్లు, ప్యారిటీ లేకుండా, 1 స్టాప్ బిట్‌తో ఆర్టీయూ అవుతుంది. సెకనుకు 9600 బిట్ల స్పీడ్ చాలు.

మొదటి రోజు చదవడం మాత్రమే చెయ్యి, రాయకు. హెక్స్ (పదహారు ఆధారంగా రాసే లెక్క) 2105 రిజిస్టర్ చదివితే డీసీ బస్ (డ్రైవ్ లోపలి డీసీ) వోల్టేజీ, ఒక దశాంశంతో వస్తుంది. సింగిల్ ఫేజ్ 230 వోల్టుల డ్రైవ్ అయితే 3250 దరిదాపుల్లో కనపడాలి, అంటే 325 వోల్టులు. అది సరిగా వస్తే వైరు, అడ్రస్, స్పీడ్, సీఆర్‌సీ (మెసేజ్ చెడలేదని చూసే సంఖ్య) అన్నీ ఒక్క దెబ్బతో సరిచూసినట్టే. తరవాత కమాండ్ రాయబోయే హెక్స్ 2000 అంటే మామూలు లెక్కలో 8192. రెండు వేలు కాదు. కొన్ని సాఫ్ట్‌వేర్లు లెక్క ఒకటి నుంచి మొదలుపెడతాయి, అక్కడ 8193 ఇవ్వాలి. మోడ్‌బస్‌తో కొత్తగా కుస్తీ పట్టేవాళ్ళ సాయంత్రాలు ఎక్కువగా పోయేది ఇక్కడే.

చదవడం కుదిరాక బెల్టు విప్పి, మోటారును ఖాళీగా నడుపు. హెక్స్ 2001లో 500 రాస్తే 5 హెర్ట్జ్. హెక్స్ 2000లో 18 రాస్తే ముందుకు, 34 రాస్తే వెనక్కి, 1 రాస్తే స్టాప్. మినిమల్‌మోడ్‌బస్ అనే పైథాన్ లైబ్రరీ వాడితే ఒకే రిజిస్టర్ రాసేటప్పుడు కూడా అది ఫంక్షన్ 16 (చాలా రిజిస్టర్లు ఒకేసారి రాసే కమాండ్) వాడుతుంది, 6 (ఒక్కదాన్నే రాసేది) కావాలంటే నువ్వే చెప్పాలి. అలా తిరుగుతుండగా యూఎస్‌బీ పీకి చూడు. రెండు సెకన్లు దాటగానే స్పీడ్ తగ్గడం మొదలవకపోతే ఆ రోజు బెల్టు ఎక్కించకు.

ఈ మోడ్‌బస్ ప్రోటోకాల్ 1979లో మోడికాన్ కంపెనీ వాళ్ళు పీఎల్‌సీల (యంత్రాలను నడిపే కంప్యూటర్ల) కోసం తెచ్చింది. పాస్‌వర్డ్ అనే ఊసే లేదు, లైన్ మీద ఎవరు చెప్పినా వింటుంది. అందుకని ఈ ల్యాప్‌టాప్‌ను మిల్లు వైఫైకి కలిపి ఫోన్ నుంచి నడుపుదామనే ఆలోచన ఇప్పట్లో పెట్టుకోకు.

స్పీడ్ మార్చడానికి ప్రతిసారీ పరామీటర్లలో రాయకు. ఆ మెమరీకి ఇన్నిసార్లే రాయగలమని పరిమితి ఉంటుంది. హెక్స్ 2001 ఉన్నది అందుకే. ట్రిప్ అయితే (తప్పు దొరికి డ్రైవ్ దానంతటదే ఆగిపోతే) హెక్స్ 2100లో కోడ్ చదివి రాసి పెట్టుకో, ఆ తరవాతే హెక్స్ 2002లో 2 రాసి రీసెట్ చెయ్యి. బెల్టు ఎక్కించే ముందు 09.02, 09.03 విలువలు కీప్యాడ్ మీద కనిపించేలా ఫోటో తీసి పంపు, నేను చూస్తాను.

ఆశీస్సులతో,
పెద్దనాన్న